ఎదురింటి అత్త కూతురి రిపోర్టు గ్రూపులో పెట్టింది నేనే

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక అమ్మాయి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, పేట పేరు వేయొద్దన్నారు. అవే కాదు, చదివినవాళ్లు ఇట్టే పోల్చుకునే వివరాలు రెండు మూడు నేనే మార్చేశాను. విషయమే అలాంటిది మరి, అజాగ్రత్త నా దగ్గర మొదలవకూడదు.

ఆమెకు 27 ఏళ్లు. నాన్న కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేస్తూ కోవిడ్ రెండో వేవ్‌లో పోయారు. ఇంట్లో అమ్మ, డిగ్రీ చదివే తమ్ముడు. బీకాం పాసై ఇంట్లో కూర్చున్న రోజుల్లో వరసకు బావ అయ్యే ఒకాయన తన ల్యాబులో కంప్యూటర్ ముందు కుర్చీ వేశారు. రక్తం తీయడం ఈమె పని కాదు. పేషెంటు పేరు, ఫోన్ నంబరు, డాక్టరు రాసిన టెస్టులు ఎంట్రీ చేయడం, బిల్లు కొట్టడం, రిపోర్టు రాగానే వాట్సాప్ చేయడం. జీతం 9,500.

ఆమె చేరిన కొత్తలో ఒక రిజిస్టరు, ఒక ప్రింటరు ఉండేవి, అంతే. తర్వాత ఊళ్లోకి పెద్ద కంపెనీల కలెక్షన్ సెంటర్లు వచ్చాయి. ఫోన్‌లో బుక్ చేస్తే పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకుపోతున్నారు. బావ 300 తీసుకునే సీబీసీని, అంటే రక్తకణాల లెక్క చూసే టెస్టును, 150కే చేస్తున్నారు. గిరాకీ సగానికి పడిపోయింది. తట్టుకోవడానికి బావ రెండు పనులు చేశారు. ఒకటి, చుట్టుపక్కల ఊళ్ల ఆర్‌ఎంపీలను, మందుల షాపుల వాళ్లను కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టారు. రిపోర్టు వచ్చిన నిమిషంలో అందులో పడాలి. ఎవరు ముందు పంపితే కేసులు వాళ్లకే. ఇప్పుడు ఆ గ్రూపులో 46 మంది ఉన్నారు. రెండోది, ఉచితంగా వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్, దాని వెంట వచ్చిన ఒక ఏజెంటు. ప్రతి శనివారం పేరు, ఫోన్, వయసు, చేసిన టెస్టు, రిజల్టు నార్మలా కాదా అన్న ఒక కాలమ్‌తో ఎక్సెల్ షీటు పంపితే పేరుకు 10 రూపాయలు. వారానికి నూట యాభై పేర్లు పోతాయి. ఆ తర్వాత షుగర్ టెస్టు చేయించుకున్న వాళ్లకు ఇన్సూరెన్సు ఫోన్లు, గర్భం అని తేలిన అమ్మాయికి తల్లికి చెప్పేలోపే పిల్లల పౌడరు కంపెనీ మెసేజీ.

ఇవన్నీ ఆమె చూస్తూనే ఉన్నారు. ఉత్తరం రాయించింది మాత్రం ఎదురింటి అత్త.

అత్త కూతురికి పార్వతీపురం దగ్గర సంబంధం కుదిరింది. పిల్లకు నీరసంగా ఉంటోందని డాక్టరుకు చూపిస్తే రాసిన టెస్టుల్లో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే, వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) కూడా ఉంది. సాంపిల్ విశాఖ వెళ్లింది, నాలుగో రోజు రిపోర్టు వచ్చింది: సికిల్ సెల్ ట్రెయిట్. ఆ సాయంత్రం తొమ్మిది రిపోర్టులు పంపాల్సి ఉంది, కరెంటు పోయి వస్తోంది. ఈమె గబగబా స్క్రీను మీదే ఫొటోలు తీసి, తొమ్మిదీ గ్రూపులో పెట్టేశారు. పేరు, వయసు, ఫోన్ నంబరుతో సహా. గ్రూపులో ఉన్న ఆర్‌ఎంపీ ఒకాయన పెళ్లికొడుకు మేనమామకు స్నేహితుడు. మూడో రోజు అవతలివాళ్లు జాతకాలు ఇంకోసారి చూపిద్దామన్నారు. వారం తర్వాత సంబంధం చూసినాయన నోట అసలు మాట వచ్చింది, పిల్లకి రక్తంలో రోగం ఉందట కదా అని.

అత్త ఒక సాయంత్రం స్టీలు గిన్నెలో పనసపొట్టు కూర తెచ్చి, గుమ్మంలో కూర్చుని ఏడ్చారు. "నువ్వు ఆ ల్యాబులోనే ఉంటావు కదే, ఎవులు సెప్పినారో కూసింత కనుక్కోవే అమ్మా" అన్నారు. ఈమె సరేనని తలూపారు. "కూర అమ్మా తమ్ముడూ తిన్నారు, నాకు గొంతు దిగలేదు. గిన్నె కడిగి స్టాండులో పెట్టి పది రోజులైంది. తిరిగివ్వడానికి కాళ్లు రావడం లేదు" అని రాశారు. నేను నేరస్తురాలినా, అత్తకు చెప్పాలా, బావను నిలదీయాలా, మానేయాలా, ఫిర్యాదు చేస్తే ఏమైనా అవుతుందా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "నేను నేరస్తురాలినా" అన్న మాట ఏడు చోట్ల ఉంది. అత్త కూతురు ఇప్పుడు ఎలా ఉంది అన్నది ఒక్క చోటా లేదు. దెప్పడానికి అనడం లేదు. భయం పట్టుకున్నప్పుడు మనకు మన వీపే కనిపిస్తుంది. కానీ ముడి విప్పడం ఆ పిల్ల దగ్గరనుంచే మొదలుపెడదాం. ఎందుకంటే అందరూ కంగారుపడుతున్న ఆ రిపోర్టులో ఏముందో మీ వీధిలో ఒక్కరికీ సరిగ్గా తెలిసినట్టు లేదు.

ట్రెయిట్ అంటే రోగం కాదు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఆ సికిల్ జన్యువు వచ్చింది, రెండోది మామూలుదే. ఇలాంటి వాళ్లు ఎక్కువ మంది ఏ ఇబ్బందీ లేకుండా బతుకుతారు. చాలామందికి టెస్టు చేసేదాకా తెలియను కూడా తెలియదు. పిల్లకి నీరసం ఉంటే దానికి రక్తం తక్కువో మరొకటో కారణం ఉండొచ్చు, అది వేరే చూపించుకోవాలి. పెళ్లి విషయంలో చూడాల్సింది అబ్బాయి రక్తం. అతను మామూలైతే పుట్టే పిల్లల్లో ఎవరికీ సికిల్ సెల్ జబ్బు రాదు. ఒక్కో బిడ్డకు అమ్మలాగే ట్రెయిట్ ఉండే అవకాశం సగం. ఇద్దరికీ ట్రెయిట్ ఉంటేనే చిక్కు. అప్పుడు ప్రతి కాన్పులోనూ జబ్బుతో పుట్టే అవకాశం నూటికి 25. అబ్బాయికి బీటా తలసీమియా అనే ఇంకో వంశపారంపర్య రక్తజబ్బు ట్రెయిట్ ఉన్నా కలిసి ఇబ్బంది చేస్తుంది. అందుకే అతనికి చేయిస్తే పైపైన చూసే సాల్యుబిలిటీ టెస్టు కాకుండా, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ టెస్టు చేయించాలి. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్‌లో నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకున్నారు. మీ ఒడిశా, అవతల ఆంధ్ర రెండూ అందులో ఉన్నాయి. అబ్బాయి వాళ్లు పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. వాళ్లు అతని రక్తం చూపించారా అని ఒక్కరూ అడగలేదు చూడండి. ట్రెయిట్ అతనికీ ఉండొచ్చు కదా!

మీ బావ ఒక మాట అనొచ్చు: పెళ్లి వాళ్లకు తెలియాల్సిన విషయమేగా, తెలిస్తే తప్పేంటి? తెలియాల్సిందే, నేనూ ఒప్పుకుంటాను. ఆ పిల్లే అబ్బాయితో చెప్పి, "నువ్వు కూడా చేయించుకో" అని ఉంటే ఇద్దరూ ఒక డాక్టరు ముందు కూర్చునేవాళ్లు. ఆర్‌ఎంపీ ఫోన్‌లోంచి మేనమామ చెవికి చేరేసరికి అదే విషయం 'రక్తంలో రోగం' అయింది. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నదానిలో ఇంత తేడా ఉంటుంది. చెప్పే హక్కు ఆ పిల్లది. దాన్ని మీ ల్యాబు తీసేసుకుంది.

మా చిన్నప్పుడు ఊళ్లో కాంపౌండరుకు అందరి రోగాలూ తెలిసేవి. ఆయనా నోరు జారేవాడు. కాకపోతే ఆయనకు ఉన్నది ఒక నోరు, సాయంత్రానికి అదీ అలిసిపోయేది. మీ గ్రూపులో 46 ఫోన్లున్నాయి, ఒక్కోదానిలో గ్యాలరీ ఉంది, ఫార్వర్డ్ బటన్ ఉంది. వాట్సాప్‌లో మనం పెట్టిన ఫొటోను అందరికీ డిలీట్ చేసే వీలు రెండు రోజులు దాటాక కొద్ది గంటలకే పోతుంది. అంటే అత్త మీ గుమ్మంలో కూర్చునే నాటికే అది మీ చేతిలో లేదు.

ఇక మీరు ఏడుసార్లు అడిగిన ప్రశ్న. నేను వకీలును కాను, తెలిసినంత చెబుతాను. మీరు చేసినవి రెండు పనులు, వాటిని కలిపి చూడకండి. గ్రూపులో ఫొటో పెట్టడం ఒకటి, శనివారం షీటు పంపడం ఒకటి. ఐటీ చట్టంలో 72ఎ అని ఒక సెక్షను ఉంది. ఒప్పందం మీద సేవ చేస్తూ చేతికి వచ్చిన ఇతరుల సొంత సమాచారాన్ని, వాళ్ల అనుమతి లేకుండా, అక్రమంగా లాభపడాలనో లేక అవతలివాళ్లకు నష్టం కలుగుతుందని తెలిసో బయటపెడితే మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కరెంటు పోయి వస్తున్న ఆ సాయంత్రం మీ తొందరలో లాభమూ లేదు, కీడు చేసే ఉద్దేశమూ లేదు. షీటు సంగతి అలా కాదు. పేరుకు పది రూపాయలు అన్నప్పుడు లాభం లెక్కతో సహా కనిపిస్తోంది. ఆ డబ్బు మీ జేబులోకి రాలేదు, నిజమే. కానీ నెలకు ఆరు వేలు వస్తోందంటున్నారు, మీ జీతం తొమ్మిదిన్నర వేలు. నాకూ రాయబుద్ధి కాలేదు గానీ, మీ జీతంలో సగానికి పైగా ఆ షీటు నుంచే వస్తోందని బావ అంటే మీ దగ్గర జవాబు ఉండదు. మిమ్మల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వనిది ఫొటో. చట్టం ముందు బరువైనది షీటు.

ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది? మన దేశంలో దీనికి చట్టాలు లేక కాదు, అవి మీ వీధి దాకా నడిచి రావడానికి పట్టే కాలమే చిక్కు. 2018లో ఆరోగ్య సమాచారం కోసమే 'దిశ' పేరుతో ఒక ముసాయిదా వచ్చింది (ఆంధ్రాలో ఆడపిల్లల రక్షణకని తెచ్చిన దిశ కాదు, ఇది వేరు). అది చట్టం కాకుండానే ఆగిపోయింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. అందులో ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. సమాచారాన్ని భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. ఆ అంకె చూసి మీ బావకు గుండె ఆగిపోతుందేమో, ఆగక్కర్లేదు. అది గరిష్ఠ పరిమితి, తప్పు ఎంతటిదో చూసి వేస్తారు. అంతకంటే మీ అత్తకు తెలియాల్సిన సంగతి వేరే ఉంది. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. అత్తకు ఒక్క రూపాయి రాదు.

నష్టపరిహారం ఇప్పించే దారి పాత ఐటీ చట్టంలో ఉంది. 2011 నాటి నియమాల్లో ఆరోగ్య పరిస్థితి, వైద్య రికార్డులు సున్నితమైన సమాచారమని స్పష్టంగా రాశారు. కానీ ఆ విచారణ చేసే అధికారి రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి. అంటే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి ప్రయాణం చేసి భువనేశ్వర్, తర్వాత వాయిదాలు. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వస్తే ఈ దారీ మూసుకుపోతుంది. ఎవరు రాసుకున్నారో గానీ, బాధపడ్డవాళ్లకు ఇచ్చే పరిహారం తీసేసి ఖజానాకు జరిమానా పెట్టుకోవడం నాకు ఎంతకీ మింగుడుపడదు.

అత్తకు అందుబాటులో ఉన్న దారి ఎవరూ తలవనిది, వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, కొనుగోలుదారు నమ్మి చెప్పిన సొంత సమాచారాన్ని ఇతరులకు వెల్లడించడం అనుచిత వ్యాపార పద్ధతి అని రాసి ఉంది. టెస్టుకు డబ్బు కట్టారు, బిల్లుంది. తామున్న జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి, చిన్న మొత్తాలకు ఫీజు కూడా లేదు. వకీలు లేకుండా తనే వాదించుకోవచ్చు. వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఆడవాళ్లకైతే ఆదాయం ఎంతని అడగరు. 15100 కు ఫోన్ చేసినా చెబుతారు. ల్యాబు రిజిస్ట్రేషన్ గురించి అయితే జిల్లా ముఖ్య వైద్యాధికారి (సీడీఎంఓ) ఆఫీసులో అర్జీ. 1930 అని కొందరు చెబుతారు, అది ఆన్‌లైన్‌లో డబ్బు పోయిన మోసాలకు. దీనికి పెద్దగా పనికిరాదు.

ఇంత చెప్పి, ఫిర్యాదు మీద ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దని కూడా అంటాను. అమెరికాలో ఇలాంటి చట్టాలు మనకంటే చాలా ముందే వచ్చాయి. అట్లాంటాలో ల్యాబ్‌ఎండీ అని ఒక చిన్న ల్యాబు. బిల్లింగ్ చూసే ఉద్యోగి కంప్యూటర్లో పాటలు పంచుకునే లైమ్‌వైర్ ప్రోగ్రాము ఉంది. దానిలోంచి 9,300 మంది పేషెంట్ల వివరాలున్న ఫైలు బయటపడింది. అది తెలిసింది 2008లో. ప్రభుత్వ సంస్థ ఫిర్యాదు పెట్టింది 2013లో. ల్యాబు 2014లో మూతపడింది. 2018లో కోర్టు, ఆ సంస్థ ఇచ్చిన ఆదేశం ఏం చేయమంటోందో స్పష్టంగా లేదని కొట్టేసింది. పదేళ్లు. ఆ పదేళ్లలో ల్యాబూ పోయింది, ఆదేశమూ పోయింది. ఆ 9,300 మందికి దక్కిందేమిటి?

అలాగని వదిలేయమని కాదు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మీరు తేల్చాల్సిన విషయమే కాదంటున్నాను. రిపోర్టు మీదీ కాదు, మీ బావదీ కాదు. ఆ తల్లీకూతుళ్లది. కేసు వేస్తారో, బావను నాలుగు తిట్టి ఊరుకుంటారో, అబ్బాయి వాళ్ల దగ్గరకు వెళ్లి రక్తం చూపించమంటారో వాళ్ల ఇష్టం. ఆ ఇష్టం వాళ్లకు ఉండాలంటే ముందు ఏం జరిగిందో తెలియాలి. అది వాళ్లకు చెప్పాల్సింది ఇప్పుడు మీరే. కొత్త చట్టంలోనూ ఉన్నది ఇదే. సమాచారం బయటపడితే ఎవరిది పడిందో వాళ్లకు ఆలస్యం లేకుండా చెప్పాలి, ఆ చట్టం కింద ఉండే బోర్డుకు 72 గంటల్లో వివరాలు ఇవ్వాలి. 2027 మే తర్వాత అయితే మీ బావే ఎదురింటి గుమ్మం ఎక్కాల్సి వచ్చేది.

చెబితే ఏమవుతుంది? అత్త మాట్లాడటం మానేయొచ్చు. వీధిలో మీ పేరు నాలుగు రోజులు నలుగుతుంది. మీ అమ్మగారికి, అత్తకు మధ్య పాతికేళ్ల రాకపోకలు ఆగొచ్చు. బావ మీద కేసు పడితే "అన్నం పెట్టిన చేతిని" అని చుట్టాలు మొదలుపెడతారు. మీ పేరు కూడా ఆ కాగితాల్లో వస్తుంది. వీటిలో ఏదీ జరగదని నేను హామీ ఇవ్వను. చెప్పకపోతే? అత్త ఆ డాక్టరును అనుమానిస్తారు, లేదా రక్తం తీసిన కుర్రాణ్ని. మీరు రాయలేదు గానీ, ఆ కుర్రాడు కూడా ఎవరి బిడ్డో. పైగా ఆ ఆర్‌ఎంపీకి ఫొటో ఎవరు పెట్టారో తెలుసు, గ్రూపులో మీ నంబరే ఉంటుంది. మీరు చెప్పకపోయినా అత్తకు తెలిసే రోజు వస్తుంది. అప్పుడు ఆమెకు ఎక్కువ మంట పుట్టించేది ఫొటో కాదు, మీరు తలూపడం.

నా మొగ్గు ఎటో మీకు అర్థమైపోయింది. అయినా చెప్పే ముందు మీరు కూడా న్యాయ సేవాధికార సంస్థలో ఒక వకీలును విడిగా కలవండి. మీరూ ఆడపిల్లే, మీకూ ఉచితమే. అత్తతో వెళ్లకండి, ఆమె దావాకు, మీ జాగ్రత్తకు ఒకే వకీలు కుదరదు.

ఒక హెచ్చరిక. సాక్ష్యం కావాలని పేషెంట్ల రిపోర్టులు, పాత షీట్లు మీ ఫోన్‌లోకి దింపుకోకండి. మంచి పనికే అనుకుంటారు గానీ, అది ఇంకో నూట యాభై మంది సమాచారం బయటకు తీయడం అవుతుంది. ఒక నోటుబుక్కులో తేదీ వేసి, ఏ రోజు ఎవరు ఏం పంపమన్నారు, మీరేం అన్నారు అని రాసుకోండి. బావ వాట్సాప్‌లో "షీటు పంపావా" అని అడిగిన మెసేజీలు మీ ఫోన్‌లో ఎలాగూ ఉంటాయి, చెరపకండి. తప్పులు బయటపెట్టేవాళ్ల కోసం తెచ్చిన 2014 నాటి విజిల్ బ్లోయర్ల చట్టం మిమ్మల్ని కాపాడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అది ప్రభుత్వోద్యోగుల మీద చేసే ఫిర్యాదులకు, ప్రైవేటు ల్యాబుకు కాదు.

బావ సంగతి. ఉత్తరంలో ఆయన్ను దుర్మార్గుడిగా రాయలేదు మీరు, నాకూ అలా అనిపించలేదు. 300 టెస్టు 150 అయిన చోట అద్దె కట్టుకుంటున్న మనిషి. నిలదీస్తే గొంతు పెంచుతారు. "పెద్ద కంపెనీలు చేయట్లేదా" అంటారు. నలుగురిలో కాకుండా, ల్యాబు మూసే వేళ, ఆయనకు అర్థమయ్యే భాషలో, అంటే వ్యాపారం భాషలో చెప్పండి. "బావా, పెద్ద సెంటర్ల వాళ్లతో రేటులో మనం నెగ్గలేం. మన దగ్గరకు వచ్చేవాళ్లు మొహం తెలుసని వస్తున్నారు. రిపోర్టు బయటికి పోతుందని ఒక్కసారి పేట అంతా అనుకుంటే ఆ రావడమూ ఆగిపోతుంది." ఎదురింటి సంగతి అప్పుడు చెప్పండి. ఆయనకు అది తెలియకపోవచ్చు కూడా.

ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీ చేతిలో ఉన్నవి రేపు పొద్దున్నుంచే మార్చొచ్చు. రిపోర్టు పేషెంటు నంబరుకే పంపండి. ఆర్‌ఎంపీకి పంపాలంటే పేషెంటును అడిగి, ఆయన ఒక్కడికే పంపండి, గ్రూపులో వద్దు. "రిపోర్టు రెడీ, పేషెంటుకు పంపాం" అని గ్రూపులో ఒక్క ముక్క పెడితే ఆర్‌ఎంపీలకు సరిపోతుంది. ముందు పంపామన్న పేరూ పోదు. ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కూడా ఒకసారి పరీక్షించండి. మీ పేరు మీదొకటి, బావ పేరు మీదొకటి ఉత్తుత్తి రిపోర్టులు వరుసగా తయారు చేసి, మీ రిపోర్టుకు అది లింకు ఇస్తే ఆ లింకు చివర అంకె మార్చి చూడండి. బావ రిపోర్టు తెరుచుకుంటే ఎక్సెల్ షీటు పంపక్కర్లేదు, తలుపు తీసే ఉంది. ఆ స్క్రీను బావకు చూపించండి. వంద మాటలు చెప్పినా దిగనిది, తన సొంత కొలెస్ట్రాల్ ఎవరైనా చూడొచ్చని తెలిస్తే దిగుతుంది.

షీటు విషయంలో మాత్రం మధ్యేమార్గం పెద్దగా లేదు. బిల్లు మీద విడిగా ఒక గడి పెట్టి, "ఆరోగ్య ప్యాకేజీల గురించి మీకు ఫోన్ చేయొచ్చా" అని అడిగి, అవునన్న వాళ్ల పేరు, నంబరు మాత్రమే, రిజల్టు లేకుండా ఇవ్వడం ఒక పద్ధతి. కొత్త చట్టం ప్రకారం ఆ అడగడం ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న భాషల్లో దేనిలో గానీ కావాలని పేషెంటు కోరవచ్చు. తెలుగు అందులో ఉంది. రాయగడలో ఒడియా ఫారం మీద అర్థం కాకుండా సంతకం పెట్టే మనవాళ్లు ఎంతమంది! ఆ ఒక్క వాక్యం తెలుగులో, ఒడియాలో, కుదిరితే కువి మాట్లాడేవాళ్లకు నోటితో చెప్పండి. అలా అడిగితే నూట యాభైలో పదిమంది అవునంటారేమో, ఆరు వేలు కాస్తా నాలుగు వందలవుతుంది, ఏజెంటు రావడం మానేస్తాడు. ఇది బావకు ముందే చెప్పండి, తర్వాత మోసపోయానని అనుకోకుండా.

ఆయన ససేమిరా అంటే మీరు ఉండి, షీటు ఒక్కటి పంపనని చెప్పొచ్చు. ఆయన తనే పంపుకుంటారు, జాబితా ఆగదు, కానీ పంపేది మీ చెయ్యి కాదు. లేదా మానేయొచ్చు. మానేస్తే ఆ కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుంటుంది, ఆమెకు అత్త లాంటి వాళ్లు ఎదురింట్లో ఉండకపోవచ్చు. తమ్ముడి ఫీజు, ఇంటి అద్దె చూసుకోకుండా రేపే మానేయమని నేను చెప్పను. పార్వతీపురంలోనో విజయనగరంలోనో ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లలో మీ పని తెలిసినవాళ్లు కావాల్సి ఉంటుంది. ఒక చోట ఖాయం చేసుకుని మానేయడం వేరు, కోపంలో మానేసి మూడు నెలలకు మళ్లీ బావ దగ్గరకే వెళ్లడం వేరు. రెండోది జరిగితే ఇక ఆయన ముందు మీ మాట చెల్లదు. ఉన్నన్నాళ్లూ షీటు ముట్టనని చెప్పి ఉండటమే నాకు సబబుగా తోస్తోంది, మూడు నెలల గడువు పెట్టుకుని. ఆ గడువు బావకు చెప్పక్కర్లేదు, అమ్మగారికి చెప్పండి.

చివరికి ఆ గిన్నె. పది రోజులుగా స్టాండులో ఉన్నదాన్ని తీసుకుని, మామయ్య షిఫ్టుకు వెళ్లే పూట చూసుకుని వెళ్లండి. మీ అమ్మగారిని వెంట తీసుకెళ్లకండి, ఆవిడ ముందుంటే అత్త మొహమాటానికి సరేననేస్తారు. ఆ పిల్ల ఇంట్లో ఉంటే ఇంకా మంచిది, మాట తనతోనే మొదలుపెట్టండి. సాకులు ముందు చెప్పొద్దు, కరెంటు పోవడం, బావ తొందరపెట్టడం ఆమె అడిగితే చెప్పొచ్చు. ముందు "ఆ ఫొటో గ్రూపులో పెట్టింది నేనే" అనండి. ట్రెయిట్ అంటే ఏమిటో, అబ్బాయికి ఏ టెస్టు చేయించాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి పట్టుకెళ్లండి, 15100 కూడా దాని మీదే రాయండి. వాళ్లు ఆ పూట కాగితం తీసుకోకపోతే గిన్నెలో పెట్టి వచ్చేయండి.